ఊరు కదల్లేదు, సరిహద్దే కదిలింది: రూఖ్ ఖోజూఫ్ క్లబ్ కథ

 

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక మ్యాచ్‌తో మొదలుపెడదాం. 1938 జూన్ 5. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మొదటి రౌండ్. ఒకవైపు బ్రెజిల్. ఇంకోవైపు, జీవితంలో మొట్టమొదటిసారి వరల్డ్ కప్‌లో అడుగుపెట్టిన పోలండ్. హాఫ్ టైమ్‌కి బ్రెజిల్ 3-1తో ముందుంది. మ్యాచ్ అయిపోయినట్టే అనుకుంటాం కదా. కానీ పోలండ్ టీమ్‌లో 21 ఏళ్ల కుర్రాడు ఒకడున్నాడు. సెకండాఫ్‌లో వరసగా రెండు గోల్స్ కొట్టాడు. బ్రెజిల్ మళ్లీ ముందుకెళ్లింది. మ్యాచ్ ఇంకో నిమిషంలో ముగుస్తుందనగా అదే కుర్రాడు ఇంకోటి కొట్టాడు. 4-4. ఎక్స్‌ట్రా టైమ్. అందులో బ్రెజిల్ రెండు, మన కుర్రాడు ఒకటి. చివరికి 6-5తో బ్రెజిల్ గెలిచింది.

అంటే ఒకే మ్యాచ్‌లో నాలుగు గోల్స్. వరల్డ్ కప్ చరిత్రలో అప్పటిదాకా ఎవరూ చెయ్యని పని. అయినా ఓడిపోయి ఇంటికెళ్లాడు.

ఆ కుర్రాడి పేరు ఎర్నెస్ట్ విలిమోవ్స్కీ. మనలో చాలామందికి పోలండ్ అంటే లెవాండోవ్స్కీ తెలుసు. ఈయన పేరు ఎందుకు తెలీదు? మనకి తెలియకపోవడం సరే, పోలండ్‌లోనే కొన్ని దశాబ్దాలపాటు ఈ పేరు ఎత్తకూడని పేరు అయిపోయింది. ఎందుకంటే మూడేళ్ల తర్వాత ఆయన జర్మనీ జెర్సీ వేసుకున్నాడు. అది కూడా హిట్లర్ కాలంలో, గుండెల మీద స్వస్తిక గుర్తు ఉన్న జెర్సీ.

సింపుల్‌గా చూస్తే "ద్రోహి" అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నా. కానీ ఆయన ఆడిన క్లబ్ చరిత్ర చదివాక ఆ ఒక్క మాట సరిపోదని అర్థమైంది. ఈరోజు నేను చెప్పబోయేది ఆ క్లబ్ కథే. పేరు రూఖ్ ఖోజూఫ్. పోలండ్‌లో 14 సార్లు లీగ్ ఛాంపియన్. వందేళ్లు దాటిన క్లబ్.

ముందు ఆ ప్రాంతం గురించి ఒక రెండు నిమిషాలు. ఇది అర్థం కాకపోతే కథే అర్థం కాదు.

మ్యాప్‌లో పోలండ్ దక్షిణం వైపు చూడండి. సైలీషియా అనే ప్రాంతం ఉంటుంది. అందులో తూర్పు భాగాన్ని అప్పర్ సైలీషియా అంటారు. నేల కింద అంతా బొగ్గు. నేల మీద ఉక్కు ఫ్యాక్టరీలు, గనులు, వాటి పక్కనే ఎర్ర ఇటుకలతో కట్టిన కార్మికుల ఇళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యేదాకా ఇదంతా జర్మనీలో ఉండేది. కానీ జనం? ఇంట్లో సైలీషియన్ యాసలో మాట్లాడతారు. అది పోలిష్‌కి దగ్గర, మధ్యలో బోలెడు జర్మన్ మాటలు. ఆఫీసుల్లో, బడుల్లో జర్మన్. ఒకే ఇంట్లో అన్న తనని పోల్ అనుకుంటాడు, తమ్ముడు జర్మన్ అనుకుంటాడు. "మేం రెండూ కాదు, మేం ఇక్కడివాళ్లం, అంతే" అనేవాళ్లు కూడా బోలెడుమంది.

1918లో యుద్ధం అయిపోయింది. జర్మనీ ఓడింది. 123 ఏళ్ల తర్వాత పోలండ్ మళ్లీ స్వతంత్ర దేశంగా పుట్టింది. ఇప్పుడు ప్రశ్న ఏంటంటే, ఇంత బొగ్గు, ఇంత ఉక్కు ఉన్న ఈ ప్రాంతం ఎవరిది? దీనికోసం 1919, 1920, 1921లో మూడుసార్లు తిరుగుబాట్లు జరిగాయి. పోలిష్ వైపు వాళ్లు తుపాకులు పట్టారు, జర్మన్ వైపు వాళ్లూ పట్టారు.

సరిగ్గా ఈ గొడవల మధ్యలో, మొదటి తిరుగుబాటుకీ రెండో తిరుగుబాటుకీ మధ్య, 1920 ఏప్రిల్ 20న ఒక క్లబ్ పుట్టింది. పుట్టిన ఊరి పేరు బిస్మార్క్‌హ్యూట్టె. అంటే బిస్మార్క్ ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు. పోలిష్‌లో అదే ఊరిని హైదుకి అంటారు. పెట్టింది స్థానిక పోలిష్ కుర్రాళ్లు. క్లబ్‌కి "రూఖ్" అని పేరు పెట్టారు. ఆ మాటకి కదలిక అని అర్థం, ఉద్యమం అని కూడా అర్థం. అప్పుడు నడుస్తున్న ఉద్యమాన్ని ఉద్దేశించే ఆ పేరు పెట్టారని చాలామంది చెప్తారు. బయటికి చూస్తే మాత్రం మామూలు స్పోర్ట్స్ పేరే. తెలివైన పేరు కదా!

1921 మార్చి 20న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. మొత్తం మీద సుమారు 60 శాతం ఓట్లు జర్మనీకి, 40 శాతం పోలండ్‌కి పడ్డాయి. ఆ తర్వాత మే నెలలో మూడో తిరుగుబాటు. చివరికి నానాజాతి సమితి ప్రాంతాన్ని రెండుగా కోసింది. గనులు, ఫ్యాక్టరీలు ఎక్కువున్న తూర్పు భాగం 1922లో పోలండ్‌కి వచ్చింది. కొత్త సరిహద్దు ఎలా ఉండేదంటే, పక్కపక్కనే ఉన్న ఊళ్ల మధ్యలోంచి వెళ్లింది, గనుల కిందుగా వెళ్లింది, ట్రామ్ లైన్లని అడ్డంగా కోసింది. రూఖ్ ఉన్న హైదుకి పోలండ్‌లో పడింది. దాదాపు పక్కనే ఉన్న బైటోమ్ జర్మనీలో మిగిలింది. ఎవరూ ఇల్లు మారలేదు. దేశం మాత్రం మారిపోయింది.

ఇప్పుడు ఫుట్‌బాల్‌కి వద్దాం. 1927లో పోలండ్ జాతీయ లీగ్ మొదలైంది. రూఖ్ మొదటి సీజన్ నుంచే అందులో ఉంది. ఇంకో క్లబ్ కూడా ఉంది. పక్కనున్న కటోవిత్సె నగరంలో జర్మన్ మైనారిటీ వాళ్ల క్లబ్, పేరు 1. ఎఫ్‌సీ కట్టోవిట్జ్. మొదటి సీజన్‌లోనే రెండో స్థానంలో నిలిచింది. అంటే పోలిష్ లీగ్‌లో ఒక జర్మన్ క్లబ్ టైటిల్ కోసం పోటీ పడింది. ఆ రోజుల్లో అక్కడ ప్రతి మ్యాచ్ మైదానం దాటి బయటికి వచ్చేది.

విలిమోవ్స్కీ పుట్టింది ఆ కటోవిత్సెలోనే. 1916లో. అప్పుడది జర్మనీ. కన్న తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుడిగా చనిపోయాడు. తర్వాత తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. విలిమోవ్స్కీ అన్నది ఆ మారుతండ్రి ఇంటిపేరు. ఇంట్లో జర్మన్, వీధిలో సైలీషియన్. ఫుట్‌బాల్ నేర్చుకుంది ఆ జర్మన్ మైనారిటీ క్లబ్‌లో. 1934లో, 17 ఏళ్ల వయసులో, పోలిష్ క్లబ్ అయిన రూఖ్‌కి వచ్చేశాడు. అటువైపు వాళ్లకి ఎంత కోపం వచ్చి ఉంటుందో ఊహించుకోండి. ఈ కోపాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రూఖ్‌లో మొదటి సీజన్‌లోనే 33 గోల్స్. ఆయన పక్కన టెయోడోర్ పెటెరెక్, గెరార్డ్ వోదాజ్. ఈ ముగ్గుర్నీ ముగ్గురు రాజులు అనేవాళ్లు. 1933, 34, 35, 36. వరసగా నాలుగుసార్లు రూఖ్ ఛాంపియన్. మళ్లీ 1938లో ఐదోసారి. వార్సా కాదు, క్రాకోవ్ కాదు. పొగ గొట్టాల మధ్య ఉన్న ఒక ఫ్యాక్టరీ ఊరు దేశం మొత్తాన్ని ఓడిస్తోంది.

1935లో కొత్త స్టేడియం కట్టుకున్నారు. అది ఉన్న వీధి పేరు త్సిఖా. పోలిష్‌లో త్సిఖా అంటే నిశ్శబ్దం. నిశ్శబ్ద వీధి! వేలమంది గొంతు చించుకునే స్టేడియానికి ఈ అడ్రస్. నాకు ఈ డీటెయిల్ చాలా నచ్చింది.

1939కి వద్దాం. మే 21న వూచ్ నగరానికి చెందిన యూనియన్ టూరింగ్ టీమ్‌తో మ్యాచ్. రూఖ్ 12-1తో గెలిచింది. ఆ 12లో విలిమోవ్స్కీ ఒక్కడే 10 కొట్టాడు. మళ్లీ చెప్తున్నా, టాప్ లీగ్ మ్యాచ్‌లో 10 గోల్స్. ఆగస్టు 27న వార్సాలో పోలండ్, హంగరీ మ్యాచ్. హంగరీ అంటే అంతకుముందు ఏడాదే వరల్డ్ కప్ ఫైనల్ ఆడిన టీమ్. పోలండ్ 4-2తో గెలిచింది. విలిమోవ్స్కీ హ్యాట్రిక్. అప్పటికి లీగ్ టేబుల్లో రూఖ్ మొదటి స్థానంలో ఉంది. ఆరో టైటిల్ దాదాపు చేతిలోకి వచ్చినట్టే.

ఐదు రోజుల తర్వాత, సెప్టెంబర్ 1న, జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. ఆ లీగ్ ఇక ఎప్పటికీ పూర్తి కాలేదు.

ఇక్కడి నుంచి కథ వేరు.

నాజీలు అప్పర్ సైలీషియాని ఆక్రమించడంతో ఆగలేదు, నేరుగా జర్మనీలో కలిపేసుకున్నారు. ఇది జర్మన్ భూమి, ఇక్కడున్నది జర్మన్లే అన్నారు. పోలిష్ క్లబ్బులన్నీ రద్దు. రూఖ్ పేరు తుడిచేశారు. అదే మైదానంలో, చాలావరకు అదే ఆటగాళ్లతో, బిస్మార్క్‌హ్యూట్టర్ ఎస్‌వీ 99 అనే జర్మన్ పేరుతో ఒక టీమ్ ఆడటం మొదలైంది. నిన్నటిదాకా పోలండ్ ఛాంపియన్లు, ఇవాళ జర్మన్ ప్రాంతీయ లీగ్‌లో ఒక టీమ్.

మరి ఆటగాళ్లు ఎందుకు ఒప్పుకున్నారు? ఇక్కడ ఒక మాట తెలుసుకోవాలి. ఫోక్స్‌లిస్టె. అంటే జర్మన్ జనాల లిస్టు. ఆక్రమించిన ప్రాంతాల్లో మనుషుల్ని నాలుగు వర్గాలుగా విడగొట్టారు. మొదటి వర్గం పక్కా జర్మన్లు. కింది వర్గాల్లో, పోలిష్‌లా మారిపోయారు గానీ మళ్లీ జర్మన్లుగా మార్చొచ్చు అనుకున్నవాళ్లు. సంతకం పెట్టకపోతే? ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, కుటుంబాన్ని ఊరి నుంచి వెళ్లగొట్టొచ్చు, క్యాంపుకి పంపొచ్చు. ఆష్విట్జ్ అక్కడికి 40 కిలోమీటర్లు కూడా లేదు. సైలీషియాలో జనం బతికి ఉండాలంటే సంతకం పెట్టడమే మంచిదని కటోవిత్సె బిషప్ అదామ్‌స్కీ లాంటివాళ్లు సలహా ఇచ్చారు. అక్కడ అత్యధికులు సంతకం పెట్టారు.

సంతకం పెట్టారు కాబట్టి కాగితం మీద వాళ్లు జర్మన్లు. జర్మన్లు కాబట్టి మగపిల్లల్ని జర్మన్ సైన్యంలోకి లాగారు. ఇష్టం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. అలా వెళ్లిన సైలీషియా కుర్రాళ్లలో ఎంతోమంది పశ్చిమాన మిత్రరాజ్యాలకి లొంగిపోయి, అక్కడ బ్రిటిష్ వాళ్లతో కలిసి పోరాడుతున్న పోలిష్ సైన్యంలో చేరారు. అంటే ఒకే మనిషి, ఒకే యుద్ధంలో, రెండు వైపులా యూనిఫామ్ వేసుకున్నాడు. నేను ఇది చదివినప్పుడు కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

ఒక విషయం మాత్రం మర్చిపోకూడదు. ఈ సంతకం అనే దారి కూడా అందరికీ లేదు. సైలీషియాలోని యూదులకి ఏ లిస్టులోనూ చోటు లేదు. తిరుగుబాట్లలో పోలండ్ వైపు నిలబడ్డ ఎంతోమందిని మొదటి వారాల్లోనే పట్టుకుని చంపేశారు. కాబట్టి "అందరూ బాధితులే" అని గీత లేకుండా చెరిపేయడం కూడా కరెక్ట్ కాదు.

మరి విలిమోవ్స్కీ? కొన్ని నెలలు తన పాత జర్మన్ క్లబ్‌కే ఆడాడు. కానీ ఒకప్పుడు వదిలేసి పోలిష్ టీమ్‌కి వెళ్లాడన్న కోపం అక్కడ పోలేదు. గుర్తుపెట్టుకోమన్నది ఇదే. 1940లో కెమ్నిట్జ్‌కి వెళ్లి అక్కడి పోలీసు క్లబ్‌కి ఆడాడు. తర్వాత మ్యూనిక్. 1942 నవంబర్‌లో 1860 మ్యూనిక్ టీమ్ జర్మన్ కప్ గెలిచింది. ఫైనల్లో షాల్కె మీద మొదటి గోల్ ఈయనదే. 1941, 42లో జర్మనీ జాతీయ జట్టుకి 8 మ్యాచ్‌లు ఆడి 13 గోల్స్ కొట్టాడు. అంతకుముందు పోలండ్‌కి 22 మ్యాచ్‌ల్లో 21.

ఆయన జర్మనీ జెర్సీలో గోల్స్ కొడుతున్న కాలంలోనే ఆయన తల్లిని ఆష్విట్జ్‌లో పెట్టారు. ఒక యూదుడితో సంబంధం ఉందన్నది ఆమె మీద నేరం. ఆమె ప్రాణాలతో బయటపడింది. కానీ ఒక్కసారి ఆలోచించండి. తల్లి క్యాంపులో, కొడుకు ఆ క్యాంపు పెట్టినవాళ్ల జెర్సీలో. ఆ కొడుకు దగ్గర ఎన్ని దారులు ఉన్నట్టు?

యుద్ధం ముగిసింది. సైలీషియా మళ్లీ పోలండ్‌లోకి వచ్చింది. కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన్ని ద్రోహి అంది. ఆయన తిరిగి రాలేదు. జర్మనీలో చిన్న చిన్న క్లబ్బులకి ఆడుతూ, తర్వాత మామూలు ఉద్యోగం చేసుకుంటూ బతికాడు. 1997లో కార్ల్స్‌రూ అనే ఊళ్లో చనిపోయాడు. పోలండ్‌లో కమ్యూనిస్టుల కాలమంతా ఆయన పేరు పుస్తకాల్లో దాదాపు కనిపించదు. నాలుగు గోల్స్ కొట్టిన మనిషిని చరిత్రలోంచి కొట్టేశారు.

ఇప్పుడు అదే ఊరి ఇంకో కుర్రాడి గురించి చెప్తా. అప్పుడు గానీ నా పాయింట్ మీకు అర్థం కాదు.

గెరార్డ్ చెష్లిక్. 1927లో హైదుకిలోనే పుట్టాడు. రూఖ్ మైదానం పక్కనే పెరిగినవాడు. మనిషి పొట్టి. విలిమోవ్స్కీని, పెటెరెక్‌ని చూస్తూ పెరిగాడు. యుద్ధం వచ్చేసరికి 12 ఏళ్లు. టీనేజ్‌లో ఆడింది జర్మన్ పేరు పెట్టిన ఆ టీమ్‌కే. యుద్ధం చివర్లో, ఇంకా మీసాలు సరిగ్గా రాని వయసులో, ఆయన్ని కూడా జర్మన్ సైన్యంలోకి లాగారు. అంటే ఆయన కూడా ఆ యూనిఫామ్ వేసుకున్నాడు. తేడా ఏంటంటే, బతికి ఇంటికి తిరిగొచ్చాడు. వచ్చి రూఖ్‌లో చేరాడు. 1959లో రిటైర్ అయ్యేదాకా ఇంకే క్లబ్‌కీ వెళ్లలేదు. లీగ్‌లో 160కి పైగా గోల్స్. 1951, 52, 53లో వరసగా మూడు టైటిల్స్.

ఆ 1951 టైటిల్ వెనక ఒక తమాషా ఉంది. లీగ్‌లో మొదటి స్థానం క్రాకోవ్‌కి చెందిన విస్వాది. కానీ ఆ ఏడాది కప్ గెలిచినవాళ్లకే ఛాంపియన్ బిరుదు ఇస్తామని అధికారులు రూల్ పెట్టారు. కప్ ఫైనల్లో విస్వాని ఓడించింది రూఖ్. సో, లీగ్‌లో మధ్యలో ఎక్కడో ఉన్న రూఖ్ ఛాంపియన్ అయిపోయింది! విస్వా అభిమానులు ఈ విషయంలో ఇప్పటికీ ఊరుకోరు. ఇంకోటి, అప్పుడు రూఖ్ పేరు రూఖ్ కాదు. కమ్యూనిస్టులు క్లబ్బులన్నిటినీ కార్మిక సంఘాల కిందికి తెచ్చి పేర్లు మార్చారు. వీళ్లకి "యూనియా" అని పెట్టారు. అంటే నాజీలు ఒక పేరు పెట్టారు, కమ్యూనిస్టులు ఇంకో పేరు పెట్టారు. జనం మాత్రం స్టాండ్స్‌లో కూర్చుని రూఖ్ అనే అరిచారు. 1950ల మధ్యలో రాజకీయం కాస్త సడలగానే పాత పేరు తిరిగొచ్చింది.

ఇక అసలు రోజు. 1957 అక్టోబర్ 20. ఖోజూఫ్‌లోనే ఏడాది క్రితం కట్టిన పెద్ద ష్లోన్‌స్కి స్టేడియం. వరల్డ్ కప్ క్వాలిఫయర్. ప్రత్యర్థి సోవియట్ యూనియన్. గోల్‌లో ఎవరో తెలుసా? లెవ్ యాషిన్. ప్రపంచంలోనే గొప్ప గోల్‌కీపర్ అని ఇప్పటికీ చెప్పుకునే మనిషి. స్టేడియంలో లక్షమంది. ఇది మామూలు మ్యాచ్ కాదు, ఎందుకంటే పోలండ్ మీద పెత్తనం చేస్తున్నది ఆ సోవియట్ యూనియనే. రోడ్డు మీద నోరెత్తలేని జనం స్టేడియంలో నోరెత్తారు. చెష్లిక్ రెండు గోల్స్ కొట్టాడు. పోలండ్ 2-1తో గెలిచింది. జనం ఆయన్ని భుజాల మీద మోసుకెళ్లారు. తర్వాత తటస్థ వేదికలో జరిగిన ప్లే ఆఫ్‌లో పోలండ్ ఓడిపోయి వరల్డ్ కప్‌కి వెళ్లలేదు. అయినా ఆ సాయంత్రాన్ని పోలండ్ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ప్రాంతం, ఒకే క్లబ్, ఒకే యాస. ఇద్దరి మీదా ఒకే రాజ్యం ఒకే ముద్ర వేసింది. ఒకరు జాతీయ హీరో. ఇంకొకరు జాతీయ ద్రోహి. మీరు అనొచ్చు, చెష్లిక్‌ని బలవంతంగా లాగారు, విలిమోవ్స్కీ పేరు, డబ్బు కోసం వెళ్లాడు అని. ఆ మాటలో కొంత నిజం ఉంది, కాదనను. నాజీలు ఆయన గోల్స్‌ని ప్రచారానికి వాడుకున్నారు, ఆయన వాడుకోనిచ్చాడు. తన చుట్టూ ఏం జరుగుతోందో తెలియని మనిషి కాదు. ఆ జెర్సీ తప్పేనని నేను అనుకుంటున్నా.

కానీ ఆ తప్పుకి మనిషి మొత్తాన్ని చెరిపేయడం వేరే విషయం. 1939 ఆగస్టులో హంగరీ మీద హ్యాట్రిక్ కొట్టింది ఆయనే కదా! ఇంకో సంగతి. యుద్ధం తర్వాత చాలామంది సైలీషియన్లకి జరిగిందే ఈయనకీ జరిగింది. సంతకం పెట్టినవాళ్లని అనుమానంగా చూశారు, విధేయత నిరూపించుకోమన్నారు. జర్మన్ పేర్లున్నవాళ్లని పేర్లు మార్చుకోమన్నారు. బయట జర్మన్ మాట్లాడితే శిక్ష. అంతకుముందు అదే వీధిలో పోలిష్ మాట్లాడినందుకు వేధించినవాళ్లు ఉన్నారు, ఇప్పుడు జర్మన్ మాట్లాడినందుకు వేధించేవాళ్లు వచ్చారు. మధ్యలో నలిగింది ఒకే జనం. వాళ్లు రాజ్యాలకి జవాబు చెప్పుకుంటూ ఆరు రోజులు గడిపి, ఏడో రోజు త్సిఖా వీధికి వచ్చేవాళ్లు. అక్కడ ఎవరూ వాళ్లని "నువ్వు ఎవరు" అని అడగరు. నా లెక్కలో ఈ క్లబ్ వందేళ్లు బతకడానికి అసలు కారణం అదే.

తర్వాతి కాలం కొంచెం స్పీడ్‌గా చెప్పుకుందాం. 1960, 1968లో టైటిల్స్. 1974లో లీగ్, కప్ రెండూ. కోచ్ స్లొవాకియా నుంచి వచ్చిన మిఖాల్ విచాన్. 1975లో మళ్లీ లీగ్. ఆ సీజన్‌లో యూరోపియన్ కప్, అంటే ఇప్పటి ఛాంపియన్స్ లీగ్, అందులో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లారు. ఫ్రాన్స్‌కి చెందిన సెయింట్ ఎటియెన్‌ని సొంతగడ్డ మీద 3-2తో ఓడించారు. అవతల 2-0తో ఓడి బయటికొచ్చారు. 1979లో ఇంకో టైటిల్. 1987లో చరిత్రలో మొదటిసారి కింది డివిజన్‌కి పడిపోయారు. ఏడాదిలో తిరిగొచ్చారు. వచ్చిన మొదటి సీజన్‌లోనే, 1989లో, ఛాంపియన్. 24 గోల్స్‌తో టాప్ స్కోరర్ క్షిష్టోఫ్ వజీహా. అది 14వ టైటిల్. ఇప్పటిదాకా అదే ఆఖరిది.

1989 అనగానే మీకు ఏదో గుర్తొచ్చి ఉండాలి. అదే ఏడాది పోలండ్‌లో కమ్యూనిజం కూలిపోయింది. స్వేచ్ఛ వచ్చింది, మంచిదే. కానీ క్లబ్‌ని మోస్తున్నది ఎవరు? ఉక్కు ఫ్యాక్టరీలు, గనులు, ప్రభుత్వ సంస్థలు. మార్కెట్ వచ్చాక ఆ ఫ్యాక్టరీలే కుదేలయ్యాయి, గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయిన ఊళ్లో టికెట్ ఎవరు కొంటారు, స్పాన్సర్ ఎక్కడి నుంచి వస్తాడు? 1996లో పోలిష్ కప్ గెలిచారు. 2008లో స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయిన మొదటి పోలిష్ ఫుట్‌బాల్ క్లబ్ అయ్యారు. 2012లో లీగ్‌లో రెండో స్థానం. బయటికి బాగానే ఉంది. లోపల అప్పులు పెరుగుతున్నాయి.

2017లో టాప్ లీగ్ నుంచి కిందికి. 2018లో ఇంకో మెట్టు కిందికి. 2019లో ఇంకోటి. వరసగా మూడు. 2020 ఏప్రిల్ 20న క్లబ్‌కి నూరేళ్లు నిండాయి. ఆ రోజు 14 సార్లు ఛాంపియన్ అయిన రూఖ్ ఎక్కడుందో తెలుసా? నాలుగో డివిజన్‌లో. పైగా కరోనా. నూరేళ్ల పండగకి స్టేడియానికి వెళ్లే వీలు కూడా లేదు.

చాలా క్లబ్బులు ఇక్కడితో మాయమైపోతాయి. రూఖ్ మాయం కాలేదు. అభిమానులు వదల్లేదు. నాలుగో డివిజన్ మ్యాచ్‌లకి కూడా వచ్చారు. 2021లో ఒక మెట్టు పైకి. 2022లో ఇంకోటి. 2023లో ఇంకోటి. మూడేళ్లలో మూడు ప్రమోషన్లు, తిరిగి టాప్ లీగ్‌లోకి. కానీ త్సిఖా వీధి స్టేడియం పాతబడిపోయింది, టాప్ లీగ్‌కి పనికిరాలేదు. పక్క ఊరు గ్లివిత్సెలో ఆడారు. తర్వాత చెష్లిక్ ఆడిన ఆ పెద్ద ష్లోన్‌స్కి స్టేడియానికి మారారు. 2024 మార్చిలో విద్జెవ్‌తో మ్యాచ్‌కి అక్కడ 50 వేలమందికి పైగా వచ్చారు. ఆ సీజన్‌లో టీమ్ అట్టడుగు స్థానాల్లో ఉంది. చివరికి మళ్లీ కిందికే పడిపోయింది. పడిపోబోతున్న టీమ్ కోసం 50 వేలమంది!

లాస్ట్‌గా ఒక మాట. 2008 యూరో కప్‌లో జర్మనీ, పోలండ్ మ్యాచ్ క్లిప్ యూట్యూబ్‌లో దొరుకుతుంది, చూడండి. జర్మనీ 2-0తో గెలిచింది. రెండు గోల్సూ లుకాస్ పొడోల్‌స్కీవే. కొట్టాక ఆయన సంబరం చేసుకోలేదు. ఎందుకంటే పుట్టింది పోలండ్‌లో. ఆ గ్లివిత్సెలోనే. ఆ మ్యాచ్‌లో ఆయన పక్కన ఆడిన క్లోజె పుట్టింది కూడా సైలీషియాలోనే, ఓపోలెలో. పొడోల్‌స్కీ 2021లో తిరిగొచ్చి రూఖ్‌కి బద్ధశత్రువైన గోర్నిక్ జాబ్జె క్లబ్‌లో చేరాడు. జనం నెత్తిన పెట్టుకున్నారు. విలిమోవ్స్కీకి దొరకని దారి ఈయనకి దొరికింది. సరిహద్దు అదే. కాకపోతే మధ్యలో యుద్ధం లేదు.

అలాగని గొడవ పూర్తిగా తీరిపోలేదు. 2021 జనాభా లెక్కల్లో ఆరు లక్షలకి దగ్గరగా మనుషులు తమ జాతి "సైలీషియన్" అని రాయించుకున్నారు. 2024లో సైలీషియన్‌ని ప్రాంతీయ భాషగా గుర్తిస్తూ పోలండ్ పార్లమెంట్ చట్టం చేసింది. అధ్యక్షుడు వీటో చేశాడు. అంటే "మేం ఇక్కడివాళ్లం" అన్న జవాబుని రాజ్యం పూర్తిగా ఒప్పుకోవడం ఇంకా మిగిలే ఉంది.

నేను ఈ కథలోంచి తీసుకున్నది ఇదీ. ఎవరినైనా ఒక్క మాటలో "ద్రోహి" అని తేల్చే ముందు, ఆ మనిషి నిలబడ్డ నేల ఎన్నిసార్లు చేతులు మారిందో ఒకసారి అడగాలి. అడిగాక కూడా తప్పు తప్పే అవ్వొచ్చు. కానీ అడగకుండా తీర్పు చెప్తే అది చరిత్ర కాదు, కామెంట్ సెక్షన్ అవుతుంది.

మరి మీరైతే విలిమోవ్స్కీ పేరుని ఎక్కడ పెడతారు? రూఖ్ గొప్ప ఆటగాళ్ల లిస్టులోనా, బయటా? ఆలోచించి చెప్పండి.